గొంతు కలిపే విద్య

(ఎం.బి. శ్రీనివాసన్ స్మృతిలో, రెడ్డిగూడెం సభకు సిద్ధం చేసిన ఉపన్యాస పాఠం)



మనం ఎవరి పేరు మీద కలిశామో ముందు చెప్పుకోవాలి. ఎం.బి. శ్రీనివాసన్ 1925 సెప్టెంబరు 19న చిత్తూరులో పుట్టారు, 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో కన్నుమూశారు. మలయాళ సినిమా పాట తెలిసినవాళ్లు ఆయన్ని ఎం.బి.ఎస్. అని ఇష్టంగా తలుచుకుంటారు. ఏసుదాసు మొదటి సినిమా పాట 1961లో రికార్డయింది ఆయన సంగీతంలోనే. వయసులో ఉండగా కమ్యూనిస్టు ఉద్యమంలో తిరిగారు, ఎ.కె. గోపాలన్ దగ్గర పనిచేశారు, మద్రాసులో సినీ వాద్యకారులకు సంఘం కట్టడంలో ముందు నిలిచారు. ఇవన్నీ ఒక ఎత్తు. 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వయర్‌ను నిలబెట్టడం మరొక ఎత్తు. కచేరీలు చేసే గాయకులు కాని మామూలు మనుషులు, వేరువేరు పనుల్లో ఉన్నవాళ్లు, వరసల్లో నిలబడి పలు భారతీయ భాషల పాటల్ని కలిసి పాడారు. అందరూ ఒకే బాణీని ఒకే ఎత్తులో పాడటంతో ఆగలేదు. గొంతుల్ని భాగాలుగా విడదీసి, ఒక భాగం కింద, ఒక భాగం పైన నడిచేలా కూర్చుకుని పాడారు. స్థాపకుడు పోయిన తర్వాత కూడా ఆ బృందం పాడుతూ వచ్చింది. మన నేలమీద పుట్టిన మనిషిని మనం తక్కువ తలుచుకున్నాం, తమిళులూ మలయాళీలూ ఎక్కువ తలుచుకున్నారు. ఆయన శతజయంతి సంవత్సరం వచ్చి వెళ్లిన ఈ సమయంలో, ఆయన చేసిన పని అసలు ఏమిటో ఆలోచించడమే ఆయనకు సరైన నివాళి అని నా నమ్మకం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. అందరినీ చేర్చుకునే బృందగానం మంచి మనసుతో మొదలవుతుంది, కాని సంగీత విద్యతోనే నిలబడుతుంది. ‘ఎవరైనా రావచ్చు, పాట రాకపోయినా ఫర్వాలేదు’ అని చెప్పడం తేలిక. వచ్చినవాడు రెండోరోజు కూడా వచ్చేలా చూడటం కష్టం. మొదటిరోజు వచ్చి మళ్లీ రానివాళ్లను తలుచుకోండి. వాళ్లను ఎవరూ పొమ్మని ఉండరు. పాట వాళ్ల గొంతుకు అందనంత పైన ఎత్తుకుని ఉంటారు. సాహిత్యం సగం నోటికి రాకముందే పాట చరణంలోకి దూకి ఉంటుంది. తాళం ఎక్కడ పడుతుందో తెలియక చప్పట్లు తప్పి ఉంటాయి. పక్కవాడు ఒకసారి తిరిగి చూసి ఉంటాడు. మనిషిని వెనక్కి పంపించినవి ఈ చిన్న చిన్న సంగీత విషయాలే. వాటిని సరిదిద్దగలిగేది పాట ఎత్తే మనిషి ఒక్కరే. గుడి కమిటీ పెద్ద వల్ల కాదు, సభ ఖర్చు భరించిన దాత వల్ల కాదు. అందుకే బృందగానం వెనక ఉన్న సంగీత నాయకుల్ని గురించి మాట్లాడాలి. భజనలో పాట ఎత్తేవాళ్లు, చర్చిలో క్వయర్ నడిపేవాళ్లు, కోలాటం నేర్పే గురువులు, బళ్లో ప్రార్థన పాడించే పంతులమ్మలు అందరూ ఈ కోవలోవాళ్లే. కచేరీ విద్వాంసులకు మనం శాలువాలు కప్పాం. వీళ్లకు కప్పింది తక్కువ.

శ్రుతి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అసలు పరీక్ష అక్కడే ఉంది. మన పద్ధతిలో మగవాళ్లు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడుకుంటారు. ఆడవాళ్లు ఐదు, ఐదున్నరలో. పది ఏళ్ల పిల్లల సంగతి వేరు, గొంతు మారుతున్న పద్నాలుగేళ్ల కుర్రాడి సంగతి మరీ వేరు, డెబ్బై దాటిన అమ్మమ్మ గొంతు ఆమె ముప్ఫైలో పాడిన చోటునుంచి కిందికి దిగిపోయి ఉంటుంది. వీళ్లందరినీ ఒక చాపమీద కూర్చోబెట్టి పాట ఎత్తేవాడు తన గొంతుకు హాయిగా ఉన్న శ్రుతి పెట్టుకుంటే, పాట బాగుంటుంది, పాడేవాళ్లు సగానికి సగం మూగపోతారు. మంచి నాయకుడు పాట మొదలుపెట్టకముందే ఆ పాటలో అన్నిటికన్నా పై స్వరం ఏది, అన్నిటికన్నా కింది స్వరం ఏది అని చూసుకుంటాడు. మంద్రానికి దిగే పాటనూ తారస్థాయికి ఎక్కే పాటనూ ఒకే శ్రుతిలో ఎత్తడు. అనుపల్లవి పైకి పోతుంటే అక్కడ ఆడగొంతుల్ని అందుకోమంటాడు, మగవాళ్లను కింది స్థాయిలో ఉండమంటాడు. తన గొంతు ఎంత బాగుందో చూపించుకోవడానికి అతనికి అవకాశం ఉండదు, చాలాసార్లు తనకు ఇబ్బందిగా ఉన్న శ్రుతిలోనే పాడాల్సి వస్తుంది. ఇది త్యాగం కూడా, కాని ముందుగా ఇది లెక్క. ఏ స్వరం ఎవరికి అందుతుందో తెలియనివాడు ఎంత త్యాగమూర్తి అయినా ఎవరినీ పాడించలేడు.

తర్వాతిది పాట ఎంపిక. ఇక్కడ మన వాగ్గేయకారులే మనకు పాఠం చెప్పి వెళ్లారు. త్యాగరాజు (1767–1847) పంచరత్నాలు రాశారు, ఎన్నో సంగతులు వేసుకుంటూ పాడవలసిన పెద్ద కృతులు రాశారు. ఆయనే దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా రాశారు. రెండో తరహా రచనల కట్టుబాటు చూడండి. పొట్టి పల్లవి. దాని వెనక చిన్న చిన్న చరణాలు, చాలావాటిలో చరణాలన్నిటికీ ఒకే ధాతువు. ఒక చరణం బాణీ పట్టుబడితే మిగతావన్నీ పట్టుబడినట్టే. ప్రతి చరణం తర్వాత పల్లవికి తిరిగి వస్తాం గనుక అప్పుడే వచ్చి కూర్చున్నవాడికి కూడా నాలుగు నిమిషాల్లో నోట్లో మాట పడుతుంది. రాగజ్ఞానంలో ఎవరికీ తీసిపోని మనిషి, కావాలని సులువుగా రాశాడు. భజన గోష్ఠిలో ఎవరు కూర్చుంటారో ఆయనకు తెలుసు. సులువుగా రాయడం ఆయనకు తక్కువపని అనిపించలేదు. ఆ కీర్తనల్లో రాగభావం పలచబడలేదు, సాహిత్యం చవకబారలేదు. ఎక్కడ కష్టం పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలిసిన చెయ్యి అది. అంతకు వందేళ్లకు పైగా ముందు భద్రాచల రామదాసు కీర్తనల్లోనూ ఈ గుణం ఉంది. భద్రాచలానికి ఇంత దగ్గరలో ఉన్న మన ఊళ్లకు దాన్ని వివరించనక్కరలేదు.

చర్చి పాటల్లో ఇదే బుద్ధి మరో దారిలో పనిచేసింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవ కీర్తనల్ని కర్ణాటక సంగీత కీర్తన రూపంలో, పల్లవి చరణాలతో, రాగతాళాలతో రాశారు. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించిన అనువాద కీర్తనలు అప్పటికే ఉన్నాయి. ఆ బాణీల్లో తెలుగు మాట నలిగేది, హ్రస్వం దీర్ఘమయ్యేది. చౌదరిగారి పాటలు జనం నోటికి ఎక్కడానికి వాటి భక్తి ఎంత కారణమో, అవి వినీవినీ అలవాటైన నడకలో ఉండటం అంత కారణం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసే ఆచారం ఉంది. ఆ రెండు మాటలు పాడే సంఘం కోసం కన్నా పాట ఎత్తేవాడి కోసం ఎక్కువ. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కూడా తెలుగు పల్లెల సంఘాల్లో దేశీ బాణీలనే ప్రోత్సహించారు. చదవడం రాని సంఘంలో వేదాంతం పాటలోనుంచే వెళ్లాలి, పాట నోటికి రావాలంటే బాణీ సొంతదై ఉండాలి. మత ప్రచారంమీద ఎవరి అభిప్రాయం వారిది. పాట ఎంపిక ఎంత బరువైన నిర్ణయమో తెలుసుకోవడానికి మాత్రం ఈ చరిత్ర పనికొస్తుంది.

ఇక నేర్పడం. ఒక పంక్తి పాడి వినిపించడం, ఆగడం, అందరిచేతా అనిపించడం, తప్పిన చోట మళ్లీ ఒకసారి పాడటం, తప్పినవాడి పేరు చెప్పకుండా తప్పిన మాటనే మళ్లీ చెప్పడం. ఆకాశవాణిలో ‘ఈ పాట నేర్చుకుందాం’ కార్యక్రమం ద్వారా మహాభాష్యం చిత్తరంజన్ ఈ పనిని ఎంత పెద్ద ఎత్తున చేశారో ఆనాటి శ్రోతలకు తెలుసు. కంటికి కనపడని లక్షల శిష్యులకు పంక్తి పంక్తి నేర్పడం తమాషా కాదు. ఎదుటివాడు ఎక్కడ తప్పుతున్నాడో వినపడదు గనుక, ఎక్కడ తప్పుతాడో ముందే ఊహించి అక్కడే నెమ్మదించాలి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా రేడియో బాలానందం కార్యక్రమంలో పిల్లలచేత పాడించారు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివాళ్ల చేతుల్లో భక్తిరంజని రూపుదిద్దుకుంది. పొద్దున్నే వచ్చే ఆ పాటలు కృష్ణా జిల్లా పల్లెల్లో ఎన్ని భజన బృందాలకు పాఠంగా పనికొచ్చాయో లెక్క తీసినవాళ్లు లేరు. రజనిగారు ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న పండితుడు. అంతటి పండితుడు అందరూ పాడుకోగల పాటకోసం అంత శ్రమపడ్డాడన్న సంగతి నాకు ఆయన పాండిత్యంకన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఊపిరి గురించి కూడా ఒక మాట. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్యోర్న్ విక్‌హాఫ్ బృందం, కలిసి పాడుతున్న హైస్కూలు విద్యార్థుల గుండె వేగాన్ని కొలిచింది. పాట నిర్మాణాన్ని బట్టి వాళ్ల గుండె వేగాలు ఒక తీరుగా పెరిగి తగ్గడం మొదలుపెట్టాయి. కారణం అంతుపట్టనిది కాదు. పాటలో ఎక్కడ ఆగాలో అక్కడే అందరూ ఊపిరి పీలుస్తారు, ఊపిరితోపాటు గుండె వేగం మారుతుంది. సాహిత్యంలో మాట విరగకుండా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నిర్ణయించేది పాట ఎత్తేవాడు. అంటే అతని నిర్ణయం పాడేవాళ్ల ఒంట్లోకి వెళుతుంది. ముసలివాళ్లకు ఊపిరి చాలని చోట మరొక విరామం పెట్టే నాయకుడు వాళ్లను బృందంలో ఉంచుతున్నాడు. పెట్టనివాడు, తనకు తెలియకుండానే, వాళ్లను బయటికి పంపుతున్నాడు.

ఇప్పుడు ఎదురు వాదాలకు వస్తాను. అన్నిటికన్నా గట్టి వాదం ఇది: ‘మన భజనలు ఎప్పుడు అందరివి? రామాలయం మెట్లెక్కనివ్వని మనుషులు ఊళ్లోనే ఉన్నారుగదా. ఊరికి ఒక పాట, పేటకు ఒక పాటగా బతికిన సమాజంలో శ్రుతి గురించి, ఊపిరి గురించి మాట్లాడటం అసలు తలుపును చూడకుండా గొళ్లెం గురించి మాట్లాడినట్టు ఉంది.’ ఈ మాట నిజం. దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. దళితుల్ని గుడి బయట నిలబెట్టిన శతాబ్దాల్లో ఎంత చక్కగా పాడిన భజన అయినా అందరి భజన కాలేదు. ఆడవాళ్లు వెనక కూర్చుని వినడమే తప్ప పాట ఎత్తకూడదన్న చోట ఎంత మంచి శ్రుతి పెట్టినా సగం ఊరు పాడలేదు. నా వాదం ఈ నిజాన్ని కాదనడంలేదు. సామాజికమైన తలుపు ముందు తెరుచుకోవాలి. అయితే అది తెరుచుకున్న సందర్భాల్ని దగ్గరగా చూస్తే, తెరిచినవాళ్లు సంగీతం తెలిసినవాళ్లు కావడం పదేపదే కనిపిస్తుంది. ఇది కాకతాళీయం అనుకోలేను.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) సంగతి తీసుకోండి. త్యాగరాజు సమాధి తిరువయ్యారులో పాడుబడి ఉంటే తన సొంత సంపాదనతో అక్కడ గుడి కట్టించారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. అదే తిరువయ్యారులో ఆరాధన వర్గాలుగా చీలి నడిచేది, అందులో స్త్రీలకు పాడే అవకాశం ఉండేది కాదు. దేవదాసీ కులంలో పుట్టిన నాగరత్నమ్మ, తోటి గాయనులతో వేరుగా ఆరాధన జరిపి, పాడి, పట్టుబట్టి చోటు సంపాదించారు. 1940 నాటికి వర్గాలు ఒక్కటయ్యాయి, ఆ తర్వాతే అందరూ కలిసి పంచరత్నాలు పాడే గోష్ఠిగానం స్థిరపడింది. పుష్య బహుళ పంచమినాడు ఈనాడు ఎదురెదురుగా కూర్చుని వందలమంది స్త్రీపురుషులు పాడుతున్నది ఆ పోరాటం తర్వాత వచ్చిన పాట. అందులో సంగీతపరమైన చిక్కు కూడా ఉంది. త్యాగరాజ శిష్యపరంపరలు ఒకటికన్నా ఎక్కువ, పాఠాంతరాలు అనేకం. ఏ సంగతి ఎన్నిసార్లు, ఏ మాట ఏ స్వరం దగ్గర అన్నది తేలకుండా నలుగురు విద్వాంసులు కూడా కలిసి పాడలేరు. ఎవరి పాఠం వారు కొంత వదులుకుని ఒక ఉమ్మడి పాఠానికి రావాలి. హక్కు కోసం పోరాడటం ఒకటి, హక్కు వచ్చాక కలిసి పాడగల పాఠం తయారుచేయడం మరొకటి. మొదటిదాన్ని మనం తలుచుకుంటాం. రెండోదాన్ని మరిచిపోతాం. కలిసి పాడే పాఠం లేకపోతే గెలిచిన హక్కుతో ఎవరి పాట వాళ్లు పాడుకోవడమే మిగులుతుంది.

మన జిల్లాలవైపు చూస్తే, 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి మరో సాక్ష్యం. షేక్ నాజర్ బుర్రకథను తిరగరాశారు. మోటూరి ఉదయం స్త్రీల బుర్రకథ దళాన్ని నడిపారు. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడే వంతల్ని గమనించండి. కథకుడు ఎంత దూరం వెళ్లినా వంత పాడేవాళ్లు పట్టుకుని వెనక్కి తెస్తారు, ప్రేక్షకుడి గొంతు కూడా ఆ వంతలోకే చేరుతుంది. స్త్రీలు వేదిక ఎక్కకూడదని ఊళ్లు కట్టడి చేసిన రోజుల్లో ఉదయంగారి దళం ఎక్కింది. సిద్ధాంతబలం ఉంది, నిజమే. కాని వేలమంది ముందు మైకులు సరిగా లేని మైదానాల్లో గొంతు నిలబడటానికి సిద్ధాంతం చాలదు. సాధన కావాలి, సాధన చేయించిన గురువులు కావాలి.

రెండో వాదం ప్రమాణాల గురించి. ‘అందర్నీ చేర్చుకుంటే పాట చెడుతుంది. అపస్వరం అపస్వరమే.’ సంగీతాన్ని ప్రేమించేవాళ్లే ఈ మాట అంటారు కాబట్టి దీనికి గౌరవంగానే జవాబు చెప్పాలి. స్వరభేదం గుర్తుపట్టలేని పుట్టుకలోపం నిజంగానే ఉంది. మాంట్రియల్‌కు చెందిన ఇసబెల్ పెరెట్జ్ 2017లో ప్రకటించిన పెద్ద అధ్యయనం ప్రకారం అది నూటికి ఒకటిన్నర మందిలోనే ఉంది. అయితే ‘నాకు పాట రాదు’ అని తమంతట తాము చెప్పుకునేవాళ్లు మన చుట్టూ ఎంతమంది! మిగతావాళ్లంతా నేర్పేవాడు దొరకనివాళ్లు, లేదా చిన్నప్పుడు బళ్లో ‘నువ్వు పెదాలు కదుపు చాలు’ అనిపించుకున్నవాళ్లు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో సారా గ్లోవర్ అనే టీచరమ్మ పద్ధతిని అందుకుని జాన్ కర్వెన్ టానిక్ సోల్ఫా వ్యాప్తిచేశారు. మన సరిగమల్లాగే స్వరస్థానం పేరుతో పాడే ఆ పద్ధతి, ఐదు గీతల లిపి చదవడం రాని మిల్లు కార్మికుల్ని, గనికూలీల్ని పెద్ద పెద్ద రచనలు పాడే బృందాలుగా చేసింది. ఎస్తోనియాలో 1869లో తార్తు పట్టణంలో మొదలైన పాటల పండుగ ఇప్పుడు ఐదేళ్లకోసారి వేలాది గొంతులతో జరుగుతోంది. అక్కడికి వచ్చే ఊరి బృందాలు నెలల తరబడి సాధన చేసి, ముందస్తు పరీక్ష దాటి వస్తాయి. సోవియట్ పాలనలో గుస్తావ్ ఎర్నెసాక్స్ వంటి నాయకుడు ఆ ప్రమాణాన్ని సడలనివ్వలేదు. మనిషిని చేర్చుకునేటప్పుడు పరీక్ష పెట్టకపోవడం, చేరాక సాధన తప్పనిసరి చేయడం, ఈ రెండూ కలిసి నడవగలవు. ప్రమాణం పడిపోయేది నాయకుడు నేర్పడం మానుకున్నచోట. నేర్పకుండా ఉండి దానికి ఆదరణ అని పేరు పెట్టుకోవడం, వచ్చినవాళ్లను చిన్నచూపు చూడటమే.

మూడోది, స్వరాలు విడదీసి పాడటం మనది కాదన్న వాదం. రాగం ఏకస్వర మార్గంలో పెరిగిన విద్య అనీ, దానిమీద పాశ్చాత్య హార్మొనీ పెడితే రాగం చస్తుందనీ అంటారు. కొన్ని రాగాల విషయంలో నేను దీన్ని ఒప్పుకుంటాను. గమకం మీద బతికే తోడినో, వరాళినో మూడు భాగాలుగా విడదీయాలని చూస్తే మిగిలేది తోడి కాదు. అయితే మన జనం పాటంతా అలాంటి రాగాల్లో లేదు. ఎం.బి.ఎస్. చేసిన పనిలో నాకు కనిపించే గొప్ప విషయం వేరే ఉంది. అందరూ ఒకే స్వరం పాడాలంటే కింది గొంతువాడు పైకి పాకులాడాలి, లేదా ఊరుకోవాలి. భాగాలుగా విడదీస్తే కింది గొంతుకు కూడా పాటలో తన పంక్తి ఉంటుంది, అది లేకపోతే పాట వెలితి పడుతుంది. అంటే చేర్చుకోవడం రాతలోనే జరిగిపోయింది. పరాయి వాయిద్యమని 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించి 1971 దాకా దూరం పెట్టింది. ఆ మూడు దశాబ్దాలూ మన భజన మందిరాల్లో హార్మోనియం మానకుండా మోగుతూనే ఉంది, ఎందుకంటే పదిమందిని ఒక శ్రుతిమీద నిలపడానికి అది పనికొచ్చింది. వయొలిన్ పరాయిదన్న సంగతి ఈనాడు ఎవరికీ గుర్తే లేదు. ఒక పద్ధతి మనదా కాదా అన్న ప్రశ్నకన్నా, అది ఎవరి గొంతును పాటలోకి తెస్తుంది, ఏ రాగాన్ని పాడుచేస్తుంది అన్న రెండు ప్రశ్నలు వేయడం మేలు. ఆ రెంటికీ జవాబు చెప్పగల నాయకుడి చేతిలో ఏ పద్ధతైనా క్షేమంగా ఉంటుంది.

నాయకుడి చుట్టూ ఇంత కడితే, ఆ ఒక్కరు పోయిననాడు బృందం పోతుందిగదా అని అడగవచ్చు. చాలాచోట్ల జరుగుతున్నది అదే. గురువుగారు పోయారు, భజన ఆగింది. క్వయర్ మాస్టర్‌కు బదిలీ అయింది, పిల్లలు చెదిరిపోయారు. దీనికి మందు నాయకత్వాన్ని తగ్గించడంలో లేదు, దాన్ని పంచడంలో ఉంది. సప్తాహం ఎలా నడుస్తుందో చూడండి. ఏడు రోజులు, రాత్రీపగలూ నామం ఆగకూడదు గనుక ఒక్క గొంతుతో పని జరగదు. జట్లు కావాలి, ప్రతి జట్టుకూ పాట ఎత్తేవాళ్లు కావాలి, అర్ధరాత్రి వంతు వచ్చినవాడు తాళం జారనివ్వకుండా ముందు జట్టునుంచి పాట అందుకోవాలి. అవసరమే అక్కడ పదిమంది నాయకుల్ని తయారుచేసింది. మంచి నాయకుణ్ణి అతను పాడించిన పాటతో పాటు, అతని తర్వాత పాట ఎత్తగలిగినవాళ్ల సంఖ్యతో కూడా కొలవాలి. మద్రాస్ యూత్ క్వయర్ 1988 తర్వాత బతికి ఉండటం ఎం.బి.ఎస్. ఎలా నేర్పారో చెబుతుంది.

ఇక ట్రాక్ పాటల సంగతి. పెన్‌డ్రైవ్‌లో పాట, స్పీకర్ బాక్సు, చేతిలో మైకు ఉంటే నాయకుడెందుకన్నది ఈ కాలపు ప్రశ్న. ట్రాక్ శ్రుతి మార్చదు. ముసలమ్మ కోసం ఆగదు. తప్పిన పంక్తి మళ్లీ చెప్పదు. దాని శ్రుతి ఏదో ఒక సినిమా గాయకుడి గొంతుకు కొలిచినది. మైకు పట్టుకున్న ఒకరిద్దరు పాడతారు, మిగతా ఊరు ప్రేక్షకులవుతుంది. ఇది నష్టం అని ఎందుకంటున్నానంటే, కలిసి పాడటంవల్ల జరిగే మేలు వినడంవల్ల జరగదు. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఐలూనెడ్ పియర్స్, జాక్ లోనే, రాబిన్ డన్బర్ వయోజనుల తరగతుల్ని ఏడు నెలలపాటు గమనించారు. పాట తరగతులు, చేతిపనుల తరగతులు, రచన తరగతులు. ఏడో నెలకు అన్ని తరగతుల్లోనూ స్నేహం కుదిరింది; కాని మొదటి నెలలోనే ముక్కూమొహం తెలియనివాళ్లు దగ్గరైంది పాట తరగతుల్లో. ఒకరికొకరు పరిచయం లేని మనుషులు ఒకచోట బతకవలసి వస్తున్న ఊళ్లకు, అంటే వలసలతో మారిపోతున్న మన పల్లెలకు, ఈ ఫలితం చాలా అవసరమైనది.

రెడ్డిగూడెం విషయానికి వస్తాను. మామిడితోటల మధ్య ఉన్న ఈ మండల కేంద్రం 2022లో జిల్లా మారింది. విజయవాడతో రాకపోకలు పెరిగాయి, చదువులకూ పనులకూ పిల్లలు బయటికి వెళుతున్నారు. గుడిలో పాట ఉంది, చర్చిలో పాట ఉంది, బడిలో ప్రార్థన ఉంది. ఈ మూడింటినీ నడిపేవాళ్లు కలిసి కూర్చునే చోటు కావాలి. మతం కలపమని నేను అడగడంలేదు, ఎవరి భక్తి వారిది. శ్రుతి ఎలా ఎంచాలి, పిల్లల గొంతు ఎక్కడిదాకా లాగవచ్చు, పాట ఎలా విడగొట్టి నేర్పాలి అన్న విద్యకు మతం లేదు. మామిడికాయ పనులు ముగిశాక, బళ్లు తెరిచే రోజుల్లో, బడి గదిలో వారానికి రెండు సాయంత్రాలు చాలు. మొదటి ఏడాది నాలుగే పాటలు పెట్టుకోండి. ఒక జాతీయగీతం, ఒక జానపదం, ఈ ప్రాంతంలోనే పుట్టిన పని పాట ఒకటి, ఒకటి కొత్తగా రాయించుకున్నది. ప్రతి పాటకూ ఇద్దరు నాయకులు ఉండాలి, వాళ్లలో ఒకరు తప్పకుండా స్త్రీ కావాలి, ఏ పేటవాళ్లకైనా పాట ఎత్తే వంతు రావాలి. వంతు రాసిపెట్టుకోండి; నోటిమాటమీద వదిలేస్తే అలవాటైన గొంతులే మళ్లీ ముందుకు వస్తాయి.

ఇంకొక అభ్యర్థన సంగీత కళాశాలలకు. విజయవాడలో ఘంటసాల పేరున ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, బాలమురళీకృష్ణ మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు అది. మన సంగీత విద్య అంతా ఒక్కరు కూర్చుని కచేరీ చేయడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. డిప్లొమా చేసిన పిల్ల ముప్ఫైమంది గొంతుల ముందు నిలబడితే ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరి సంవత్సరంలో ఒక పల్లెకో, ఒక వార్డుకో వెళ్లి, పాట రాదని చెప్పుకునే ఇరవైమందిచేత మూడు నెలల్లో ఒక కీర్తన పాడించడాన్ని పరీక్షలో భాగం చేయండి. మార్కులు ఆ విద్యార్థి పాడినదానికి వేయవద్దు, ఆ ఇరవైమంది పాడినదానికి వేయండి. ఆ పరీక్షకు మొదటి ఊరుగా రెడ్డిగూడెం పేరు రాసుకోమని ఈ వేదికమీదనుంచి అడుగుతున్నాను.